నాయన ఎక్కిళ్లను జర్నల్‌లో రాస్తామంటున్నారు, సంతకం పెట్టొచ్చా?

హిందూపురం పిల్ల (కె.ఆర్.పురం, బెంగళూరు):

మెడికల్ లైన్లో ఉండేవాళ్లు ఎవరైనా చూస్తే చెప్పండి. పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకోండి.

మా నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనాడు. ఇరవై ఏండ్ల నుంచి షుగరు. రెండేండ్ల కింద కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయన్నారు. డయాలసిస్ దాకా పోలేదు, క్రియాటినిన్ (కిడ్నీలు ఎంత చెడినాయో చెప్పే రక్తపరీక్ష లెక్క) 4 దగ్గర ఆపుకుంటూ వస్తున్నాము. పథ్యం సరిగ్గా జరగాలని బెంగళూరులో నా దగ్గరే పెట్టుకున్నా. ఫ్రిజ్ మీద డైటీషియన్ ఇచ్చిన చీటీ అంటించినా: అరటిపండు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు, బత్తాయి వద్దు.

పోయిన నెల అమ్మతో కలిసి గాంధీ బజారుకు పోయినాడు. బండి మీద స్టార్ ఫ్రూట్ కనపడింది. పసుప్పచ్చగా, ఐదు అంచులతో ఉంటుంది చూడండి, అడ్డంగా కోస్తే నక్షత్రమే. ఉప్పూ కారం చల్లి ఇస్తే అక్కడే ఒక ప్లేటు తిని, రెండు కాయలు ఇంటికి తెచ్చుకున్నాడు. చీటీలో దాని పేరు లేదు కదా అని ఆయన లెక్క. లిస్టులో లేని స్టేజీకి టికెట్టు అడిగేవాళ్లను ముప్పై ఏండ్లు దింపేసిన మనిషి, తన దాకా వచ్చేసరికి రూలు తిరగేసినాడు.

ఆ రాత్రి ఎక్కిళ్లు మొదలైనాయి. "ఊర్లో ఎవరో తల్చుకుంటున్నారు" అని అమ్మ మా మేనత్తల పేర్లన్నీ వరసగా చదివింది. ఊపిరి బిగపట్టించినాము. చెంచాడు చక్కెర నోట్లో వేయబోయి షుగరు గుర్తొచ్చి ఆగినాము. పొద్దున వీధి చివర క్లినిక్కులో గ్యాస్ అని మాత్ర ఇచ్చి పంపినారు. ఆ పగలంతా ఆగలేదు. రెండో రాత్రికి నన్ను చూసి "అక్కా, బస్సు కదిలిందా?" అన్నాడు. మా పెద్దత్త పోయి పదేండ్లయింది. అప్పుడు గుండె జారి పెద్దాసుపత్రికి ఎత్తుకుపోయినాము.

ఈసీజీ, తలకు స్కాన్, సోడియం, షుగరు, అన్నీ చూసినారు. తేలలేదు. రౌండ్స్ అయిపోయి అందరూ పోయినాక ఒక పీజీ డాక్టరమ్మ వెనక్కి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. "మూడు రోజులుగా ఏమేం తిన్నారో చెప్పండమ్మా, చిన్నదైనా వదలొద్దు" అనింది. అమ్మ సంగటి నుంచి మొదలుపెట్టి, చిత్రాన్నం దాటి, "బండి మీద ఏదో పుల్లకాయ" దగ్గరికి వచ్చింది. ఆమె వెంటనే ఫోన్లో బొమ్మ చూపించి "ఇదేనా?" అని అడిగింది. రెండు గంటల్లో డయాలసిస్ మీదికి ఎక్కించినారు. మరుసటి రోజు ఇంకోసారి చేసినారు. ఎక్కిళ్లు పోయినాయి, మనిషి మళ్లీ నన్ను నా పేరుతో పిలిచినాడు.

ఇప్పుడు ఆమే "కేస్ రిపోర్ట్ రాస్తాము, ఒప్పుకుంటారా" అని నాలుగు పేజీల ఇంగ్లీషు ఫారం ఇచ్చింది. మా తమ్ముడు "నాయన్ను చూపెట్టి వాళ్లు ప్రమోషన్ కొట్టేస్తారు" అంటాడు. ఫోటో వేస్తే దిష్టి అని అమ్మ. నాయనేమో "నా పేరు పెద్దక్షరాల్లో వస్తుందా?" అని రెండుసార్లు అడిగినాడు. సంతకం పెట్టాలా, వద్దా?

మొండివాడు_మడివాళ:

అస్సలు పెట్టొద్దు. మనుషుల్ని ఎలుకలుగా వాడుకునే ట్రయల్స్ ఇట్లానే మొదలవుతాయి. మా మామగారికి ఒకసారి ఇలాగే కాగితాలిచ్చారు, చదవకుండా చించేశాం.

నెల్లూరు పాథాలజీ (చెన్నై):

చదవకుండా సంతకం పెట్టడం ఎంత తప్పో, చదవకుండా చించడమూ అంతే అండి. ఇది ట్రయల్ కాదు. ట్రయల్ అంటే ఒక మందునో పద్ధతినో ముందే అనుకొని మనుషుల మీద పరీక్షించి చూడటం. దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. మన దేశంలో మందుల ట్రయల్స్‌ని సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో నమోదు చేయడం 2009 నుంచి తప్పనిసరి. ఇక్కడ నాన్నగారికి వైద్యం అయిపోయింది. అయిపోయినదాన్ని రాస్తామంటున్నారు.

అమ్మా, ఆ పీజీ అమ్మాయికి ఆ ప్రశ్న ఎలా తట్టిందనుకుంటున్నారు? బ్రెజిల్‌లోని రిబెరావ్ ప్రేటోలో డాక్టర్లు స్టార్ ఫ్రూట్ తిని దెబ్బతిన్న 32 మంది కిడ్నీ రోగుల వివరాలు పోగేసి 2003లో ప్రచురించారు. వాళ్లలో 30 మందికి వదలని ఎక్కిళ్లు. వెంటనే హీమోడయాలసిస్, అంటే మెషీన్‌తో రక్తం శుభ్రం చేసే డయాలసిస్, అందినవాళ్లు, బాగా విషమించినవాళ్లతో సహా, కోలుకున్నారు. విషమించీ అది అందనివాళ్లు, పొట్టలోకి ద్రవం ఎక్కించి చేసే పెరిటోనియల్ డయాలసిస్‌తో సరిపెట్టుకున్నవాళ్లు దక్కలేదు. మీవాళ్లు రెండు గంటల్లో మెషీన్ ఎక్కించారంటే ఆ కాగితం ప్రాణం నిలబెట్టిందన్నమాట. ఆ విషం పేరు తెలియడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 2013లో బ్రెజిల్ పరిశోధకులే ఆ కాయలోంచి కారంబాక్సిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది మెదడులో నరకణాలను ఉత్తేజపరిచే గ్లూటమేట్ గ్రాహకాలను రెచ్చగొడుతుంది. బాగున్న కిడ్నీ దాన్ని మూత్రంలో తోసేస్తుంది. చెడిన కిడ్నీ తోయలేదు, సరుకంతా మెదడుకి చేరుతుంది.

కేస్ రిపోర్ట్‌ను నెత్తిన పెట్టుకోమనడం లేదు. హారం లేని భిన్నం అది. ఎంతమంది తిని హాయిగా ఉన్నారో దాంట్లో కనపడదు. 1961లో థాలిడొమైడ్ అనే మందు గురించి మెక్‌బ్రైడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు లాన్సెట్ అనే వైద్య జర్నల్‌కి రాసింది చిన్న ఉత్తరం. గర్భిణులు ఈ మందు వాడాక ఇలాంటి అవయవ లోపాలతో బిడ్డలు పుట్టడం మీలో ఎవరైనా చూశారా అని అడిగి ఆపాడు. నా దృష్టిలో కేస్ రిపోర్ట్ పని ఆ అడగడమే. తమ్ముడన్న మాటా కొట్టిపారేయను, పేపర్లు అచ్చయితే డాక్టర్లకు కెరీర్లో పనికొస్తాయి. అయినా రౌండ్స్ అయ్యాక వెనక్కి వచ్చి కూర్చున్న మనిషికి ఆమాత్రం దక్కితే ఏం పోయింది?

ఇక ఫారం. ముందు, సంతకం మీది కాదు, నాన్నగారిది. ఇప్పుడు స్పృహలో ఉన్నారు, ఆయనకి అర్థమయ్యే భాషలో చెప్పి ఆయనే పెట్టాలి. పేరు, ఆసుపత్రి నంబరు ఎలాగూ వేయరు. అసలు గుట్టు బయటపెట్టేవి మిగతావి: వయసు, ఊరు, ఉద్యోగం, చేరిన తేదీ. "హిందూపురం రిటైర్డ్ కండక్టరు, ఎక్కిళ్లు" అంటే డిపోలో టీ తాగేవాళ్లందరికీ తెలిసిపోతుంది. వాటిని తీసేయమనండి. ఈ కేసుకి ముఖం ఫోటోతో పనే లేదు. కళ్ల మీద నల్ల పట్టీ వేస్తామంటే ఒప్పుకోవద్దు, పట్టీ వేస్తే గుర్తుపట్టరనే మాటని పెద్ద జర్నల్స్ సంపాదకులే ఇప్పుడు నమ్మడం లేదు. అచ్చయ్యేలోపు మనసు మార్చుకోవచ్చు. నెట్‌లోకి వెళ్లాక వెనక్కి రాదు, ఇది నాన్నగారికి స్పష్టంగా చెప్పండి. మూడో పేజీలోనో నాలుగో పేజీలోనో "మిగిలిన రక్తం భవిష్యత్ పరిశోధనకు" అన్న వాక్యం దూర్చారేమో చూడండి. అది వేరే సంగతి, దానికి వేరే కాగితం కావాలి. డబ్బు మీరిచ్చేదీ లేదు, మీకొచ్చేదీ లేదు.

నాన్నగారి పేరు రాదు. మాట మాత్రం రావచ్చు. కేస్ రిపోర్టులు ఎలా రాయాలో చెప్పే కేర్ అనే మార్గదర్శకాలు 2013లో వచ్చాయి. రోగి తన అనుభవాన్ని తన మాటల్లో చెప్పే భాగం వీలైతే పెట్టమని వాటిలోనే ఉంది. డాక్టరమ్మని అడగండి.

పాలమూరు టెక్నీషియన్ (బనశంకరి):

అక్కా, నేను డయాలసిస్ యూనిట్ల పనిచేస్త. ఎక్కిళ్లు అనంగనే అందరూ పండు మీద పడకుండ్రి. యూరియా పెరిగినా వస్తయి, వేరే కారణాలు కూడ మస్తు ఉంటయి. మీ నాయినకు రెండోసారి చేసుడు మంచిదైంది, ఒక్కసారికి తగ్గినట్టే తగ్గి మళ్ల తిరగబెట్టేది ఉంటది. మా దగ్గర ఇప్పుడు కొత్త పేషెంట్ వస్తే ఆ కాయ ఫోటో చూపిస్తం. పేరు చెప్తే ఎవలకు తెలుస్తలేదు, కన్నడపాయన ఒకటంటడు, తమిళాయన ఇంకోటంటడు.

దీని చుట్టపు కాయ ఇంకోటుంది, కేరళల ఇరుంబన్ పులి అంటరు. కొలెస్ట్రాల్ తగ్గుతదని దాని రసం తాగి పది మందికి కిడ్నీలు దెబ్బతిన్నయని అక్కడి డాక్టర్లు 2013ల రాసిండ్రు, మా సార్ చూపించిండు. అండ్ల కథ వేరే, ఆ కాయల ఉండే ఆక్సలేట్ అనే పదార్థం పోయి కిడ్నీల గడ్డకడ్తది.

జయనగర్ అల్లుడు:

అయ్యో, మా ఆవిడ రోజూ సలాడ్‌లో ఒకట్రెండు ముక్కలు వేస్తుంది. నా కిడ్నీ రిపోర్టు నార్మలే. మానేయాలా?

నెల్లూరు పాథాలజీ (చెన్నై):

ముక్కకి భయం లేదు. ఆరోగ్యమని పరగడుపున గ్లాసులకి గ్లాసులు జ్యూస్ మాత్రం వద్దు, కిడ్నీలు బాగున్నవాళ్లు కూడా అలా తాగి ఆసుపత్రి పాలైన రిపోర్టులున్నాయి, అదీ ఆక్సలేట్ వల్లే. షుగరో బీపీయో ఉంటే క్రియాటినిన్ చూపించుకున్నాకే ఆ కాయ జోలికి వెళ్లండి.

హిందూపురం పిల్ల (కె.ఆర్.పురం, బెంగళూరు):

అందరికీ థాంక్స్. నిన్న పోయొచ్చినాము. పాథాలజీ సార్ అన్నట్టే నాలుగో పేజీలో రక్తం గురించి ఒక లైను ఉండె. అడిగితే అది ఆసుపత్రి వాళ్ల మామూలు ఫారంలోదని చెప్పి డాక్టరమ్మే పెన్నుతో కొట్టేసి పక్కన సంతకం చేసింది. ఊరు తీసేస్తాననింది, తేదీలు తీసేస్తాననింది, ఫోటో లేదు. మొత్తం తెలుగులో చదివి వినిపించినాక నాయన సంతకం పెట్టినాడు. మొండివాడన్నా, ఏమనుకోవద్దు. తమ్ముడు ఇంకా మూతి ముడుచుకొనే ఉన్నాడు.

ఆయన మాటలు కూడా రాసుకుంది, నేను ఇంగ్లీషులో చెప్తుంటే. "నన్ను అందరూ ఏమైందని అడిగినారు, ఏం తిన్నావని ఈ పాప ఒక్కటే అడిగింది" అన్నాడు. అంతవరకు బాగానే ఉండె. ఉద్యోగం కూడా తీసేసి "అరవై దాటిన పురుషుడు" అని మాత్రమే వేస్తామనేసరికి అలిగినాడు. "ముప్పై ఏండ్ల సర్వీసును గీత కొట్టేస్తారా" అని ఆటోలో సిల్క్ బోర్డు నుంచి ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు. "ప్రభుత్వ రవాణా సంస్థ ఉద్యోగి" అని వేస్తే గుర్తుపట్టేస్తారా సార్? సోమవారం ఆమెకు ఫోన్ చేసేలోపు చెప్పగలిగితే చెప్పండి.