ఎలుక తోలా, ఎలుగు తోలా?

తెనాలి చెల్లి: నాలుగో తరగతిలో పెన్సిల్ దొంగిలించిన పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించి మా సారు చదివిన పద్యం మూడు రోజులుగా మనసులో తిరుగుతోంది. "ఎలుక తోలు దెచ్చి యేడాది యుతికిన, నలుపు నలుపె గాని తెలుపు గాదు". తర్వాత "కొయ్యబొమ్మ దెచ్చి" వరకే గుర్తుంది. పుట్టు బుద్ధి మారదని వేమన నిజంగానే అన్నాడా?

కడప మాస్టారు: "కొట్టిన బలుకునా". అయితే ఎలుక కాదమ్మా, ఎలుగు, అంటే ఎలుగుబంటి. "ఎలుగు తోలు దెచ్చి యెన్నాళ్లు నుతికిన". ఎలుక బూడిద రంగు కదా, నలుపు ఎక్కడిది?

వరంగల్ తమ్ముడు: మా వైపు గుడ్డెలుగు అంటారు. నల్లనిదే, ఒప్పుకుంటాను. కానీ ఎలుక తోలు అరచేయంత కూడా ఉండదు. దాన్ని ఏడాది పాటు ఉతకడంలోనే ఉంది వెర్రి. నేను ఎలుక వైపే.

కడప మాస్టారు: ఛందస్సు తేల్చదు. ఎలుక, ఎలుగు రెండూ మూడేసి లఘువులు, అంటే పొట్టి అక్షరాలు. ఏడాది, ఎన్నాళ్లు రెండూ తగణాలే, అంటే రెండు గురువులు, ఒక లఘువు. అన్నట్టు, కొందరు "నలుపే" అని దీర్ఘం తీస్తారు, గణం చెడుతుంది. నలుపు, తెలుపు ప్రాసయతి, అంటే యతికి బదులు రెండో అక్షరాలు కలవడం, ఎంత సొగసుగా పడిందో చూడండి!

డాలస్ అక్క: కుక్కను కనకపు సింహాసనం ఎక్కించినా "వెనుకటి గుణమేల మాను" అని సుమతి శతకం ఒక్క మాటలో తేల్చేసింది. వేమన అలా కాదు. "తినగ తినగ వేము తియ్యనుండు" అన్నదీ ఆయనే. చేదు తీపవుతుందన్నవాడు నలుపు మారదంటే ఎలా? ఏ పూట చూసింది ఆ పూట చెప్పాడు, అందుకే నాకాయన ప్రాణం.

వరంగల్ తమ్ముడు: మా నాయనమ్మ మూడో పాదం "కొట్టితే గుణియౌనె" అని చదివేది, అంటే కొడితే గుణవంతుడవుతాడా అని. అప్పుడు తప్పు బొమ్మది కాదు, కొట్టేవాడిది! దెబ్బలతో మంచితనం రాదంటున్నాడు.

కడప మాస్టారు: ఆ పాఠం నేనూ విన్నాను. 1829లో ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్ అచ్చు వేయించేలోపే జనం నోళ్లలో నానిన పద్యాలివి. అయినా కొయ్యబొమ్మకు "పలుకునా" అన్నదే అతుకుతుంది. గుణి అంటే తోలుతో పొత్తు కుదరదు.

తెనాలి చెల్లి: పద్యం అయ్యాక సారు బెత్తం తీశారు మాస్టారూ. ఆ పిల్లవాడు మళ్లీ బడికి రాలేదు. నాకు నాయనమ్మగారి పాఠమే కావాలి.

కడప మాస్టారు: సరేనమ్మా, అది నీ ఇష్టం. ఎలుగు మాత్రం వదలను. మా తాతగారి చేతిరాత పుస్తకం అటక మీద ఉంది, రేపు దించి ఆ పుట ఫొటో పెడతాను.