బెల్టు తీయగానే ఒక కామ్ టక్‌మని తిరిగిపోయింది, ఇప్పుడేం చెయ్యాలి?

నూనెచేతులు:

అందరికీ నమస్తే. టైమింగ్ బెల్టు, అంటే క్రాంక్‌నీ కామ్‌లనీ కలిపి తిప్పే పళ్ల బెల్టు, నేనే మార్చడం ఇదే మొదటిసారి. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, పైన రెండు కామ్‌లు (వాల్వులు తెరిచే షాఫ్ట్‌లు), ఇంటర్‌ఫియరెన్స్ టైపే, అంటే టైమింగ్ తప్పితే పిస్టన్ వాల్వుకి తగిలే రకమే, అని మాన్యువల్‌లో ఉంది. క్రాంక్‌ని టీడీసీకి, అంటే ఒకటో పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటికి, తెచ్చా, రెండు కామ్ పుల్లీల మార్కులు చూసుకున్నా, ఫోటోలు కూడా తీసి పెట్టుకున్నా, అంతా బాగుందనుకుని టెన్షనర్ (బెల్టుని బిగువుగా ఉంచేది) లూజు చేసి బెల్టు ఇలా లాగానో లేదో ఎడమ పక్క కామ్, అంటే ఎగ్జాస్ట్‌ది, టక్‌మని తిరిగిపోయింది. పై ప్రాణాలు పైనే పోయాయి. కుడి పక్కది మాత్రం అంగుళం కదల్లేదు.

ఇప్పుడు ఎడమది మార్కు నుంచి రెండు మూడు పళ్లు పక్కకి పోయి ఆగింది. చేత్తో వెనక్కి తిప్పుదామంటే వస్తుంది కానీ వదలగానే మళ్లీ తన్నుకుని అక్కడికే పోతోంది. వాల్వులు వంగిపోయి ఉంటాయా? దీన్ని మళ్లీ మార్కుకి ఎలా తేవాలి? తెచ్చినా ఒక చేత్తో దాన్ని పట్టుకుని ఇంకో చేత్తో బెల్టు ఎలా ఎక్కించాలి? లాకింగ్ టూల్ నా దగ్గర లేదు.

పాతస్పానర్:

కంగారు పడకు తమ్ముడూ, ఇది అందరికీ ఒకసారి జరిగేదే. నీ తప్పేం లేదు అందులో. ఒకటో సిలిండర్‌ని టీడీసీలో పెట్టినా మిగతా వాటిలో ఏదో ఒకదాని వాల్వు తెరుచుకునో సగంలోనో ఉంటుంది కదా, దాని స్ప్రింగు కామ్ లోబ్ (వాల్వుని నొక్కే ఉబ్బు) వాలు మీద ఎప్పుడూ తోస్తూనే ఉంటుంది, ఇన్నాళ్లూ బెల్టు పట్టుకుంది కాబట్టి ఆగింది. రెండు పక్కలా తోపుడు సమానంగా ఉంటే కామ్ కదలదు, నీ కుడి పక్కది అలా నిలబడింది.

వాల్వు వంగిందా అంటే, స్ప్రింగు తోపుడుకి రెండు మూడు పళ్లు తిరిగినంత మాత్రాన మామూలుగా వంగదు. వంచేది మనం. పిస్టన్ పైన ఉన్నప్పుడు పొడుగు రాట్చెట్ తగిలించి కామ్‌ని బలంగా తిప్పితే అప్పుడు వంగుతుంది. అందుకని ముందు క్రాంక్‌ని టీడీసీ నుంచి పావు చుట్టు కంటే కాస్త తక్కువ తిప్పు. నాలుగు సిలిండర్ల వరస ఇంజన్లో ఒకటి, నాలుగు పైన ఉంటే రెండు, మూడు అడుగున ఉంటాయి, 90 డిగ్రీల దగ్గరకి వస్తే నాలుగూ మధ్యలోనే, ఏదీ పైన ఉండదు. అప్పుడు కామ్‌ని ఎలా తిప్పినా వాల్వుకి తగలడానికి కింద ఏమీ ఉండదు. వీ ఆకారం ఇంజన్లకి ఈ లెక్క పనికిరాదు, వాటికి మాన్యువల్లో ఏ డిగ్రీ రాసుందో అదే.

కామ్‌ని ఎటు పోయిందో అటు నుంచే వెనక్కి తీసుకురా, చుట్టూ తిప్పి తేవద్దు. వాల్వ్ కవర్ తీస్తే చాలా కామ్‌ల మీద స్పానర్ పట్టేలా ఆరు పలకల భాగం ఉంటుంది, పుల్లీ బోల్టు కంటే దాన్ని పట్టుకుని తిప్పడం మేలు. ఎక్కడైనా గట్టిగా తగిలినట్టు అనిపిస్తే ఆగిపో, అక్కడ బలం పెట్టకు. కామ్‌లు రెండూ మార్కుకి వచ్చాక క్రాంక్‌ని ఎంత తిప్పావో అంతే వెనక్కి, టీడీసీకి.

రెండోగేరు:

అన్నా ఇంత తతంగం దేనికి. పాత బెల్టు తీయకముందే బెల్టు మీద, మూడు పుల్లీల మీద వైట్‌నర్‌తో గీతలు పెట్టుకోవాలి, ఆ గీతల మధ్య పళ్లు లెక్కపెట్టి కొత్త బెల్టు మీద అవే గీతలు వేసి ఎక్కించడమే. కామ్ ఎటు దూకినా గీతకి గీత కలిపితే అయిపోతుంది, నేను లాకింగ్ టూల్ ముఖమే చూడలేదు ఇంతవరకు.

క్రాంక్‌బాబాయ్:

వైట్‌నర్ గీతలు మంచివే, నేనూ వేస్తా, కానీ వాటినే నమ్ముకోవద్దు. పాత బెల్టు ఇంతకుముందు ఎవడో ఒక పన్ను తప్పుగా వేసి ఉంటే నువ్వు ఆ తప్పునే జాగ్రత్తగా కొత్త బెల్టుకి ఎక్కిస్తావు. ఫ్యాక్టరీ మార్కులే అసలు, గీతలు సాయానికి. మాజ్డా ఎంఎక్స్-5 కారు పాత మోడళ్లలో కామ్ పుల్లీల మీద ఐ (ఇన్‌టేక్), ఈ (ఎగ్జాస్ట్) అని ఉంటాయి, వాటి మధ్య బెల్టు పళ్లు 19 రావాలని అందరూ లెక్కపెట్టుకుంటారు. నీ ఇంజన్‌కి అలాంటి లెక్క మాన్యువల్లో ఉంటే గీతల కంటే అది నయం.

ఇంకో మాట, క్రాంక్ మార్కు ఏది చూశావు? బయట పెద్ద పుల్లీ మీదదైతే దాన్ని నమ్మకు. దాని బయటి రింగుకీ మధ్య భాగానికీ మధ్య రబ్బరు ఉంటుంది, పాతబడితే రింగు జారి మార్కు పక్కకి పోతుంది. లోపల బెల్టు కూర్చునే చిన్న స్ప్రాకెట్ మీద మార్కు, దానికి ఎదురుగా ఇంజన్ బాడీ మీద గుర్తు, ఆ రెండూ కలవాలి. క్రాంక్ బోల్టు ఊడదీసేటప్పుడు క్రాంక్ కూడా కొంచెం వెనక్కి తిరుగుతుంది, అది విప్పాక టీడీసీ మళ్లీ చూసుకోవాలి, చాలామంది అక్కడే పప్పులో కాలేస్తారు.

పట్టుకోవడానికి ప్లాస్టిక్ టూల్ ఒకటి ఉంటుంది, రెండు కామ్ పుల్లీల మధ్య పళ్లలో ఇరికిస్తే రెండూ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. కొన్ని ఇంజన్లలో కామ్ వెనక గాడి ఉంటుంది, దాన్లో ఇనప పట్టీ పెడతారు. ఏదైనా సరే అది కదలకుండా పట్టుకోవడానికే, అది పెట్టి ఉంచి కామ్ బోల్టు విప్పారంటే టూలో పుల్లీ పన్నో విరుగుతుంది. ముందు నీ పుల్లీ షాఫ్ట్‌కి కీతో, అంటే పుల్లీ జారకుండా ఆపే చిన్న ఇనప ముక్కతో, ఉందో లేదో చూడు, కొన్నిటికి కీ ఉండదు, బోల్టు బిగువుతోనే ఆగుతుంది, అలాంటి వాటికి అసలు టూల్ లేకుండా దిగకూడదు.

టూల్ లేకపోతే కాగితాల క్లిప్పులు, నల్లవి, అవి నాలుగు తీసుకో. ఒక పుల్లీ మీద బెల్టు కూర్చోగానే పుల్లీ అంచుకీ బెల్టుకీ కలిపి క్లిప్పు, తర్వాత పక్క పుల్లీ. తీయడం మర్చిపోవద్దు, అది వేరే చెప్పాలా.

నూనెచేతులు:

బాబాయ్, పాతస్పానర్ అన్నా, ఇద్దరికీ దండం. కీ ఉంది చూశా. పావు చుట్టు లెక్క బ్రహ్మాండంగా పనిచేసింది, కామ్ మెత్తగా మార్కుకి వచ్చింది, ఎక్కడా తగల్లేదు. క్లిప్పులు పెట్టి బెల్టు ఎక్కించా, మూడు మార్కులూ గీత గీసినట్టు కలిశాయి. టెన్షనర్ పిన్ను లాగి, ప్లగ్గులు తీసి ఉన్నాయి కాబట్టి చేత్తోనే రాట్చెట్‌తో క్రాంక్ రెండు చుట్లు తిప్పి చూస్తే ఎగ్జాస్ట్ కామ్ సరిగ్గా ఒక పన్ను వెనకబడి ఉంది! బెల్టు వేసినప్పుడు కలిసింది కదా, మధ్యలో పన్ను దూకినట్టు శబ్దం కూడా రాలేదు. ఇదెక్కడి గొడవ?

పాతస్పానర్:

దూకలేదు, లూజు దాక్కుంది. ముందు నుంచి చూస్తే క్రాంక్ గడియారం ముల్లులా తిరుగుతుంది కదా, అంటే బెల్టుని కుడి పక్క నుంచి కిందికి లాగుతుంది. లాగే పక్క ఎప్పుడూ బిగువు, వదిలే పక్క అంటే ఎడమ పక్క వదులు, అందుకే టెన్షనర్ అక్కడ పెట్టారు. నువ్వు వేసినప్పుడు రెండు కామ్‌ల మధ్య పైన బెల్టులో ఒక పన్నంత లూజు మిగిలింది, మార్కులు కలిసినట్టే కనపడ్డాయి. టెన్షనర్ వదలగానే అది ఎడమ పక్కని కిందికి గుంజింది, ఆ లూజుని మింగేసి ఎడమ కామ్‌ని వెనక్కి తిప్పింది.

మళ్లీ తీసి వెయ్యి, వేరే దారి లేదు. హైడ్రాలిక్ టెన్షనర్ అయితే దాన్ని నిలువుగా పెట్టి వైస్‌లో మెల్లగా నొక్కి రంధ్రంలో పిన్ను పెట్టు, తొందరపడి గట్టిగా నొక్కితే లోపల సీలు పోతుంది. బెల్టు క్రాంక్ దగ్గర మొదలుపెట్టి కుడి పక్క బిగించి పైకి, కుడి కామ్, తర్వాత ఎడమ కామ్, టెన్షనర్ చివర్లో. కిటుకేంటంటే ఎడమ కామ్‌ని మార్కు దాటి అర పన్నంత ముందుకి, అంటే తిరిగే దిక్కుకి, జరిపి పట్టుకుని బెల్టు కూర్చోబెట్టు, తర్వాత మెల్లగా మార్కుకి వదిలితే పైన బెల్టు తీగలా బిగుస్తుంది. వేలితో నొక్కి చూడు, పైనా కుడి పక్కా ఊగకూడదు, లూజంతా టెన్షనర్ పక్కనే ఉండాలి.

ఒక్క పన్నే కదా నడిచిపోతుందిలే అనుకోవద్దు. కామ్ పుల్లీకి 48 పళ్లుంటే ఒక పన్ను 7.5 డిగ్రీలు, కామ్ ఒక చుట్టుకి క్రాంక్ రెండు తిరుగుతుంది కాబట్టి క్రాంక్ లెక్కలో 15 డిగ్రీలు. బండి స్టార్ట్ అవుతుంది, కానీ ఐడిల్‌లో వణుకుతుంది, లాగదు, చాలా బండ్లలో క్రాంక్, కామ్ లెక్క కలవట్లేదని చెప్పే పీ0016 లాంటి కోడ్ పడుతుంది.

నూనెచేతులు:

రెండోసారి కుదిరింది! ఆ అర పన్ను కిటుకే అసలు మందు. రెండు చుట్లు తిప్పా, కలిసింది, నమ్మకం చాలక ఇంకో రెండు తిప్పా, మళ్లీ కలిసింది. కానీ రెండోగేరు బ్రో చెప్పాడని వేసిన తెల్ల గీతలు మాత్రం బెల్టు మీద ఎటో పోయాయి, పుల్లీ గీతలకి ఎక్కడా కలవట్లేదు. పుల్లీల ఫ్యాక్టరీ మార్కులన్నీ బాగానే ఉన్నాయి. మళ్లీ భయం మొదలైంది.

క్రాంక్‌బాబాయ్:

అవి కలవవు, కలవక్కర్లేదు. క్రాంక్ స్ప్రాకెట్ 24 పళ్లనుకో, రెండు చుట్లకి బెల్టు 48 పళ్లు జరుగుతుంది, బెల్టుకేమో వందకి పైనే పళ్లు. ఆ గీతలు మొదటి చోటికి రావాలంటే ఎన్నో చుట్లు తిప్పాలి, అంత తిప్పేసరికి నీ చెయ్యి పడిపోతుంది. గీతల పని బెల్టు ఎక్కించేదాకే, ఆ తర్వాత పుల్లీ మార్కులే చూడు.

ఎప్పుడూ తిరిగే దిక్కులోనే తిప్పు, మార్కు దాటిపోయిందని కొంచెం వెనక్కి అనకు, లూజు తప్పు పక్కకి చేరుతుంది. దాటితే ఇంకో రెండు చుట్లు ముందుకే. వాల్వుల గురించి అనుమానం ఉంది కాబట్టి ప్లగ్గులు ఎలాగూ తీసే ఉన్నాయి, కంప్రెషన్ గేజ్ (సిలిండర్లో ఒత్తిడి కొలిచేది) దొరికితే నాలుగు సిలిండర్లూ కొలిచేయి, నాలుగూ దగ్గరదగ్గరగా వస్తే కవర్లు బిగించేసుకో.

నూనెచేతులు:

నాలుగూ దాదాపు ఒకటే వచ్చాయి. స్టార్ట్ చేశా, ఐడిల్ నిలకడగా ఉంది, కోడ్ ఏం లేదు. బాబాయ్, క్లిప్పులు నాలుగూ లెక్కపెట్టి తీశాలే.