‘అలోకంబగు పెంజీకటి’: ఇక్కడ అలోకం అంటే?

ఎంవీపీ కాలనీ:
నిన్న విశాఖ బీచ్ రోడ్డులో ఒక సభకి వెళ్లాను. సైన్సు గురించి, మతం గురించి నాలుగు మతాలవాళ్లూ మాట్లాడారు. ఒకాయన పోతన భాగవతం గజేంద్రమోక్షంలోని ‘లోకంబులు లోకేశులు లోకస్థులుఁ దెగిన తుది నలోకంబగు పెంజీకటి కవ్వల నెవ్వం డేకాకృతి వెలుఁగు నతని నే సేవింతున్’ పద్యం ఎత్తుకుని, అందులోని పెంజీకటే ఇవాళ శాస్త్రజ్ఞులు చెబుతున్న కృష్ణపదార్థం (డార్క్ మేటర్) అన్నారు. నాకు మింగుడుపడలేదు. అలోకం అంటే లోకం లేనిదా, వెలుగు లేనిదా? పైగా మా మామ్మ ‘ఆలోకంబగు’ అని దీర్ఘం తీసేది. 2014లో హుద్‌హుద్ తుఫాను వెళ్లాక కరెంటు లేని రాత్రుల్లో డాబా మీద కూర్చుని ఇదే చదివేది. ఆ గొంతు ఇంకా చెవిలోనే ఉంది.

సీతమ్మధార:
దీర్ఘం కుదరదమ్మా. కందం రెండో పాదం మూడో గణం ‘నతుదిన’, నలం, అంటే నాలుగు లఘువులు, నాలుగు మాత్రలు. అక్కడ ‘నా’ పెడితే ఐదు మాత్రలవుతాయి. అర్థం చూసినా ఆలోకమంటే వెలుగు. వెలుగైన పెంజీకటి ఏమిటి? మామ్మగారు రాగం కోసం సాగదీసి ఉంటారు.

లాసన్స్ బే:
‘లోకం’లోనే చూపు ధాతువు ఉంది కదా. చూసేవాడూ, చూడబడేదీ రెండూ పోయిన స్థితి. మీరడిగిన రెండర్థాలూ ఆ ఒక్క ‘అ’లో ఇమిడిపోయాయి. సంస్కృత భాగవత మూలంలో ఈ మాటే లేదు. చీకటి గురించి ‘తమస్తదాసీద్గహనం గభీరం’ అని మాత్రమే ఉంది. అలోకం పోతన పెట్టింది. పంచమ స్కంధంలోని లోకాలోక పర్వతం ఆయన మనసులో ఉందని నా నమ్మకం. ఎండ ఆ కొండకి ఇవతలే, అవతల అలోకం. ‘పెంజీకటి కవ్వల’ అన్నప్పుడు మూలంలోని ‘తస్య పారే’తో పాటు ఆ కొండా ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది!

సీతమ్మధార:
తెలుగులో పంచమ స్కంధం గంగనది, పోతనది కాదు.

లాసన్స్ బే:
తెలుసు మాస్టారూ. సంస్కృతం పోతన చదవలేదంటారా?

అక్కయ్యపాలెం:
రామతీర్థం కొండ మీద జైన శిల్పాలు చూసి వచ్చినప్పటినుంచీ ఈ పద్యం నాకు వేరుగా వినిపిస్తోంది. లోకాకాశానికి హద్దుంది, దాని బయట అంతులేని అలోకాకాశం అంటారు జైనులు. అక్కడ చలనానికి ఆధారమైన ధర్మద్రవ్యం లేదు కాబట్టి ఏదీ కదలదు. పోతన మాటకి ఇంతకంటే దగ్గర చుట్టం ఎవరు?

సీతమ్మధార:
జైనుల అలోకం ఎప్పుడూ ఉండేది. ఇక్కడ ‘తెగిన తుదిన్’ అన్నాడు. అన్నీ పోయాక మిగిలేది.

మద్దిలపాలెం:
ముప్ఫై ఏళ్లు ఫిజిక్సు చెప్పినవాణ్ణి, ఒక్క మాట చెప్పనివ్వండి. కృష్ణపదార్థం చీకటి కాదు. అది వెలుగును ఇవ్వదు, ఆపదు. గురుత్వం వల్లే దాని ఉనికి తెలుస్తోంది. విశ్వం మొదట్లో చీకటీ లేదు, భరించలేనంత వెలుగు. సుమారు 3,80,000 ఏళ్లకి ఆ కాంతి విడిపోయింది, నక్షత్రాలు పుట్టేదాకా చీకటి ఆ తర్వాతే. సభలో ఆయన పద్యానికీ సైన్సుకీ రెండింటికీ అన్యాయం చేశారు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో రాసిన లెమేత్ర్ క్యాథలిక్ ఫాదరే. 1951లో పోప్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంగా చూపబోతే, లెమేత్ర్‌కే నచ్చలేదు. భక్తి తక్కువై కాదు. రేపు లెక్క మారితే విశ్వాసం ఏం కావాలి?

జ్ఞానాపురం:
మద్దిలపాలెం సార్‌కి నమస్కారం. బైబిలు ఆదికాండంలో ‘చీకటి అగాధ జలము పైన కమ్మియుండెను’ అని చదివినప్పుడల్లా ఋగ్వేదంలోని ‘తమసా గూళ్హమ్’ (చీకటి కప్పినది) గుర్తొస్తుంది. ఇద్దరూ చీకటినే ముందు చూశారు. కానీ మాకు వెలుగు పలుకుతో పుట్టింది. పోతనకి పుట్టలేదు, చీకటి అవతల ముందే ఉంది. ఆ ‘అవ్వల’ మీద ఎవరూ ఆగడం లేదేం?

లాసన్స్ బే:
ఆగాను కదండీ, లోకాలోకం దగ్గర!

కంచరపాలెం:
చీకటి సంగతి సరే, ‘ఏకాకృతి’ మాటేమిటి? మా నాన్నగారు ‘ఎవ్వఁడు నేకాకృతి’ అనేవారు, అనేక రూపాలవాడు అని అర్థం చెప్పేవారు.

సీతమ్మధార:
న, ఏక కలిస్తే నైక. ‘నై’కి ‘నే సేవింతున్’తో యతి చెల్లదు. ‘ఎవ్వఁడు’ కళ, అంటే చివర నకారం చేరని మాట, దాని మీద నకారం రాదు. ‘ఎవ్వం డేకాకృతి’యే పాఠం.

జగదాంబ:
మూలంలో ‘విభుః’ అనే ఉంది, అంతటా నిండినవాడని. దాన్ని పోతన ‘ఏకాకృతి’ చేశాడు. తౌహీద్, అంటే దేవుడొక్కడే అన్న మాట, నేర్చుకుంటూ పెరిగిన నాకు ఆ ‘ఏక’ దగ్గర ఒళ్లు పులకరిస్తుంది. అయితే ‘ఆకృతి’ దగ్గర ఆగిపోతాను. లోకాలన్నీ పోయాక ఇంకా ఆకారమేమిటి?

సీతమ్మధార:
ఒక్కటిగా ఉన్నవాడు అనే తీసుకోవాలి. ఆకారం అన్న అర్థం అక్కడ బలహీనం.

కంచరపాలెం:
బలహీనమైతే ప్రాసకి ‘కా’ దొరికిందని ఊరికే వేశాడా పోతన? నేనొప్పుకోను మాస్టారూ.

ఎంవీపీ కాలనీ:
మామ్మ పుస్తకం అటక మీద ఉంది. ఆదివారం దించి అందులో ఏ పాఠం ఉందో చూసి చెబుతాను.