కంపెనీ అగ్రిమెంట్ పంపింది, సంతకం పెట్టాలా? వెయిఫ్స్ బ్యాండ్ దారి మనకి పనికొస్తుందా?

పర్లాకిమిడి గిటార్

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. నలుగురం కలిసి వాయిస్తాం. రెండు గిటార్లు, ఒక మౌత్ ఆర్గాన్, మా చిన్నాన్న జముకు (తీగ బిగించి మీటే డప్పు). పాటలు మేం కట్టుకున్నవే, ఎక్కువ తెలుగు, కొన్నిట్లో ఒడియా కలుస్తుంది. ఇటు గుణుపురం, అటు పాతపట్నం, టెక్కలి దాకా పెళ్లిళ్లకీ చవితి పందిళ్లకీ వెళ్తుంటాం. ఈమధ్య మా పాట వీడియో ఒకటి ఫోన్లలో బాగా తిరిగింది. అది చూసి ఒక ఆడియో కంపెనీ వాళ్లు అగ్రిమెంట్ పంపారు. స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చు వాళ్లవి. పాటల మీద హక్కులన్నీ శాశ్వతంగా, ప్రపంచమంతటా వాళ్లవే. చిన్నాన్న "పెట్టీరా సంతకం, మనకెవడిస్తాడు ఇంత" అంటున్నాడు. నాకేమో టెన్షన్.

బ్లూస్, కంట్రీ అనే అమెరికా బాణీలు వింటూ వింటూ ఆస్ట్రేలియా వాళ్ల వెయిఫ్స్ అనే బ్యాండ్ దగ్గర ఆగాను. సొంత లేబుల్ (పాటలు విడుదల చేసే కంపెనీ) మీదే అంత పేరు తెచ్చుకున్నారట. వాళ్లకి మొదట్లో డబ్బెక్కడిది? తెలిసినవాళ్లు చెప్పండి.

రాయగడ సౌండ్స్

తమ్ముడూ, నాది మైకుసెట్ల వ్యాపారం. అక్కడ పబ్బుకెళ్లి పాట వినడానికి టికెట్ కొంటారు. ఇక్కడ కమిటీవాళ్లు జనరేటర్ వాడికి ముందే అడ్వాన్స్ ఇస్తారు, లైటింగ్ వాడికి సగం ఇస్తారు, పాడినవాళ్లని మాత్రం "భోంచేసి వెళ్లండి బాబూ" అంటారు. ఆ దారి మనది కాదు. డబ్బు ఎంతిస్తున్నారో చూసుకుని సంతకం పెట్టెయ్.

బరంపురం పాతకాపు

రాయగడ గారూ, మీరు చెప్పిన జనరేటర్ మాట నిజమే. కానీ సంతకం దగ్గర మీతో ఒప్పుకోను.

ఉద్యోగం మీద కొన్నేళ్లు పెర్త్‌లో ఉన్నాను, వెయిఫ్స్ కచేరీ అక్కడే చూశాను. వాళ్లలో విక్కీ అనే ఆవిడ మౌత్ ఆర్గాన్ ఎత్తుకుంటే గిటార్లు రెండూ వెనక్కి తగ్గుతాయి. ఊపిరి లోపలికి లాగినప్పుడు ఆ స్వరం కాస్త కిందికి వంగి ఏడ్చినట్టు వస్తుంది చూడండి, బ్లూస్ అంతా అక్కడే ఉంది. (తమ్ముడూ, ఆ వీడియోలో మీ మౌత్ ఆర్గాన్ అబ్బాయి ఎప్పుడూ ఊదుతూనే ఉన్నాడు. లాగడం నేర్చుకోమను.)

ఇక డబ్బు సంగతి. డోనా, విక్కీ అక్కాచెల్లెళ్లు. పశ్చిమ ఆస్ట్రేలియాలో దక్షిణపు కొసన ఉన్న ఆల్బనీ వాళ్ల ఊరు, ఇంట్లో చేపల వేట వృత్తి. ఇద్దరూ ఒక వ్యాన్ వేసుకుని ఊరూరా పాడుతూ బయల్దేరారు. 1992లో ఎక్కడో ఉత్తరాన బ్రూమ్‌లో జోష్ కన్నింగ్‌హామ్ అనే గిటారిస్టు కలిశాడు. అదీ బ్యాండ్. మొదటి ఆల్బం 1996లో గానీ రాలేదు, తర్వాతవి 1998లో, 2000లో. ఏ కంపెనీ కిందా లేరు.

సొంత లేబుల్ అని నువ్వు చదివిన జారా రికార్డ్స్ పుట్టింది 2002లో. అంటే పదేళ్లు రోడ్డు మీద తిరిగాక! అదీ ఒంటరిగా కాదు, మేనేజర్ ఫిల్ స్టీవెన్స్, ఇంకో గాయకుడు జాన్ బట్లర్‌తో కలిసి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సీడీలు షాపులకి చేర్చే పని బయటి డిస్ట్రిబ్యూషన్ కంపెనీకే అప్పగించారు. సరుకు మోసే పని ఇచ్చారు గానీ పొలం పట్టా రాసివ్వలేదు.

ఆ మరుసటేడు, 2003లో, వాళ్ల ఆల్బంకి అక్కడి సంగీత పరిశ్రమ ఇచ్చే ఏరియా (ARIA) అవార్డుల్లో ఉత్తమ ఇండిపెండెంట్ రిలీజ్, ఉత్తమ బ్లూస్ అండ్ రూట్స్ ఆల్బం వచ్చాయి. అమెరికా గాయకుడు బాబ్ డిలన్ టూర్లో ముందు పాడే అవకాశం కూడా ఆ ఏడాదే. 2004లో జాన్ బట్లర్ ట్రియో ఆల్బం అదే లేబుల్ మీద అక్కడి చార్టులో నంబర్ వన్‌కి వెళ్లింది. వెయిఫ్స్‌కి ఆ నంబర్ వన్ 2017లో దక్కింది, బ్యాండ్‌కి పాతికేళ్లు నిండాక.

కాబట్టి లేబుల్ పెట్టమని నీకు చెప్పను, ఇప్పుడు దండగ. హక్కులు మాత్రం వదలకు. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణ తర్వాత, పాట రాసినవాళ్లూ ట్యూన్ కట్టినవాళ్లూ రాయల్టీలో తమ సమాన వాటా వదులుకుంటామని సంతకం పెట్టినా అది చెల్లదు. ఇంకోటి, హక్కు రాసిచ్చే కాగితంలో గడువు రాయకపోతే చట్టం అయిదేళ్లనే లెక్కేస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అందుకే వాళ్లు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ఒత్తి రాశారు. హక్కు రాసివ్వం, ఫలానా పాటకి ఇన్నేళ్లు లైసెన్స్ (వాడుకునే అనుమతి) ఇస్తాం అని అడిగి చూడు. సంతకానికి ముందు ఒక వకీలుకి చూపించు.

పర్లాకిమిడి గిటార్

చాలా థ్యాంక్స్ అన్నయ్యా. చిన్నాన్నకి చదివి వినిపించాను. పొలం పట్టా దగ్గర లేచి కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన డౌటు వేరే. ఫోన్లలో తిరిగిన పాటకి మాట నాది, ట్యూన్ మాత్రం ఆయన జముకు మీద తీసింది. కాగితంలో నా పేరొక్కటే ఉంది.

బరంపురం పాతకాపు

అయితే ముందు అది సరిచేయించు. మాట ఎవరిది, ట్యూన్ ఎవరిది అని పాట పాటకీ తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, నలుగురూ సంతకాలు పెట్టుకోండి. కంపెనీతో మాట్లాడేది ఆ తర్వాతే.

రాయగడ సౌండ్స్

పాతకాపు గారి దగ్గర చట్టం గెలిచింది, సరే. కడుపు మాట నేను చెప్తాను. ఏటా మా రాయగడ చైతి ఉత్సవం ఉంటుంది. స్టేజి ఎలా దొరుకుతుందో ఇప్పట్నుంచే కనుక్కో. ఎక్కడ పాడినా సగం డబ్బు ముందు చేతిలో పడ్డాకే వైర్లు విప్పండి. జముకుకి విడిగా మైకు పెట్టించు, గిటార్ స్పీకర్‌కి దూరంగా. ఆ వీడియోలో దాని తీగ శబ్దం అసలు వినపడలేదు.