బొమ్మ చూసి అంచనా వేసి, ఆప్షన్లు కొట్టివేసి జవాబు పట్టడం గణితమేనా?

ప్రశ్న వేసిన సభ్యుడు:
అమెరికా విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికి రాసే శాట్, జీఆర్ఈ వంటి పరీక్షల్లో జ్యామితి ప్రశ్న రాగానే సుమారు విలువ అనుకొని, దానికి పొసగని ఆప్షన్లను కొట్టివేసి, మిగిలినదాన్ని గుర్తించమని మా శిక్షణ తరగతిలో చెబుతున్నారు. ఇది గణితాన్ని పక్కదారిన దాటేయడంలా నాకు తోస్తోంది. దీన్ని ఒక పద్ధతిగా నేర్పడం సమంజసమేనా?

సమర్థిస్తున్న సభ్యుడు:
సమంజసమే. భుజం 10 గల చతురస్రంలో నాలుగు భుజాలనూ తాకే వృత్తం గీసి, మూలల్లో మిగిలిన మొత్తం వైశాల్యం అడిగారనుకుందాం. ఆప్షన్లు 25π, 50π − 100, 100 − 25π, 100 − 50π. వృత్తం భుజాలను తాకిన నాలుగు బిందువులనూ కలిపితే వచ్చే చిన్న చతురస్రం వైశాల్యమే 50. వృత్తం దానికన్నా పెద్దది కనుక మూలలకు మిగిలేది 50 లోపే. మొదటి ఆప్షన్ 78 దాటుతుంది, రెండోది దాదాపు 57, నాలుగోది ఏకంగా రుణసంఖ్య (అసలు దాన్ని ఆప్షన్‌గా ఎందుకు పెడతారో!). ఇక మిగిలింది మూడోదే.

విభేదిస్తున్న సభ్యుడు:
మీరు అనుకూలమైన ఉదాహరణ ఎంచుకున్నారు. భుజాలు 5, 6, 8 గల త్రిభుజాన్ని ఎంత శ్రద్ధగా గీసినా, 8కి ఎదురుగా ఉన్న కోణం కంటికి లంబకోణంలాగే కనిపిస్తుంది. కానీ 5, 6ల వర్గాల మొత్తం 61, 8 వర్గం 64 కనుక అది అధికకోణం, సుమారు 93 డిగ్రీలు. పైగా జ్యామితి బొమ్మలు కొలతల ప్రకారమే ఉండనక్కర్లేదని జీఆర్ఈ ముందే హెచ్చరిస్తుంది. శాట్‌లోనూ కొన్ని ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు, జవాబును మనమే రాయాలి. అక్కడ కొట్టివేయడానికి ఏముంటుంది?

సమర్థిస్తున్న సభ్యుడు:
కంటిని నమ్మమని నేను అనలేదు. 50 లోపే అన్నది బొమ్మను చూసి చెప్పిన మాట కాదు, ఇచ్చిన కొలతల నుంచి తేల్చిన హద్దు. మీరు 61ని 64తో పోల్చి లంబకోణాన్ని తోసిపుచ్చిన తీరూ అదే జాతికి చెందినది. కోణాన్ని కంటితో కొలిచి గుర్తించడాన్ని మాత్రం నేనూ ఒప్పుకోను. అయితే తప్పు జవాబుకు పావు మార్కు తగ్గించే నియమాన్ని శాట్ 2016లోనే తీసివేసింది కనుక, దారి దొరకని ప్రశ్నలో రెండు ఆప్షన్లు కొట్టివేయగలిగినా విద్యార్థికి లాభమే.

విభేదిస్తున్న సభ్యుడు:
అది మార్కులకు లాభం, జ్యామితికి కాదు. హద్దు తేల్చడం గణితమేనన్న మాట వరకు ఒప్పుకుంటాను.

ప్రశ్న వేసిన సభ్యుడు:
పై చతురస్రం లెక్కను ఇప్పుడే పూర్తిగా చేసి చూశాను. తొందరలో వ్యాసార్థం 5కు బదులు 10 తీసుకోవడంతో వృత్త వైశాల్యం 314 వచ్చింది. వైశాల్యం 100 ఉన్న చతురస్రంలో ఆ వృత్తం ఎలా ఇముడుతుందన్న అనుమానం రాకపోతే, ఆ తప్పు నాకు దొరికేది కాదు.