పెద్దోళ్ల మందులన్నీ ఒక్క డాక్టరు చేతిలో ఉండాలా, ఎవరు రాసింది వాళ్లదేనా?

ఉదయగిరి చిన్నోడు:
మా నాయనకి 74. షుగర్ వచ్చి 18 ఏళ్లు, బీపీ అంతకంటే పాతది. ఎనిమిది నెలల కింద నెల్లూరులో గుండెకి స్టెంట్ (రక్తనాళం మూసుకుపోకుండా పెట్టే సన్న గొట్టం) వేశారు. మోకాళ్ల నొప్పులు ఎప్పటినుంచో ఉన్నాయి. మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి చెప్పే పనిలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పుల బిళ్ళ ఎసిక్లోఫెనాక్ రోజూ రెండు పూటలా వేసుకుంటా ఉన్నాడు. ఆయన లెక్కలో అది మందే కాదు. గుండె డాక్టరు అడిగితే షుగర్, బీపీ బిళ్ళలని చెప్పి ఊరుకున్నాడు.

రోహిణి కార్తెలో రెండు రోజులు విరేచనాలు. మూడోరోజు తెల్లారుజామున ఒళ్లంతా చెమట, మాట తడబడతా ఉంది. మిషన్‌లో చూస్తే షుగర్ 48. చక్కెర నీళ్లు తాగించి ఆస్పత్రికి పరిగెత్తాం. కిడ్నీ ఎట్లా పనిచేస్తుందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 2.6 వచ్చింది, అది పెరిగేకొద్దీ కిడ్నీ మందగించినట్టు. స్టెంట్ వేసేనాటికి 1.2.

నలుగురు నాలుగు చీటీలు రాశారు, నాలుగూ పక్కపక్కన పెట్టి చూసినవాడు ఒక్కడూ లేడు. అందుకే అంటున్నా, ఒకే డాక్టరు అన్నీ చూడాలి, ఆయనకి తెలియకుండా ఒక్క బిళ్ళ కూడా చేరకూడదు. మా అన్న ఒప్పుకోడు. గుండె డాక్టరు రాసింది మామూలు డాక్టరు ముట్టుకోవడమేంది అంటాడు. మీరేమంటారు?

ఆత్మకూరు ఆడబిడ్డ:
మీ అన్నదే నా మాట. మా అమ్మకి స్టెంట్ వేసిన మూడో నెలలో కడుపులో మంట వచ్చింది. దగ్గర్లో డాక్టరు చీటీ చూసి రక్తం పల్చబరిచే బిళ్ళలు రెండెందుకని క్లోపిడోగ్రెల్ ఆపించాడు. పన్నెండో రోజు స్టెంట్‌లో గడ్డ కట్టింది. అమ్మ బతికింది గానీ ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అన్నీ ఒకరి చేతిలో పెడితే ఆ ఒకరికి తెలియని సంగతికి మనం బలవుతాం.

కావలి మెడికల్ షాపు:
ఇరవై ఏళ్లుగా కౌంటర్ వెనక ఉన్నా. చిన్నోడు చెప్పినదాంట్లో అసలు దోషి నాకు కనిపిస్తా ఉంది. మీ నాయన బీపీ బిళ్ళ టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిందేనా?

ఉదయగిరి చిన్నోడు:
అవునన్నా, అదే. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిపిన బిళ్ళ.

కావలి మెడికల్ షాపు:
అయితే వినండి. కిడ్నీని మడి అనుకోండి. నొప్పుల బిళ్ళ మడికి నీళ్లొచ్చే తూము బిగిస్తుంది. టెల్మిసార్టాన్ నీళ్లు బయటికి పోయే తూము వెడల్పు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీరు తీసే బిళ్ళ, అది చెరువు మట్టం దించుతుంది. మూడూ కలిసినా మామూలు రోజుల్లో ఎట్నో నెట్టుకొస్తుంది. ఎండల్లో విరేచనాలు పట్టుకుంటే మడి ఎండిపోతుంది. కిడ్నీ మందగించాక గ్లిమెపిరైడ్ పని తొందరగా తగ్గదు. పైగా విరేచనాల్లో తిండి సరిగా తిని ఉండడు. అందుకే తెల్లారేసరికి 48.

టెల్మిసార్టాన్ చెడ్డది కాదు, షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీని కాపాడేదే. దాని పక్కన రోజూ నొప్పుల బిళ్ళ ఉండకూడదు. చీటీ లేకుండా అమ్మకూడని మందుల్లో డైక్లోఫెనాక్ అనే ఇట్లాంటి నొప్పుల బిళ్ళ ఉంది. అయినా షాపుల్లో అడిగిన వెంటనే ఇస్తున్నారు. నేనూ ఇచ్చినవాణ్ణే, మానేశాను. కాబట్టి ఏ డాక్టరు పెద్ద అన్న తగువు కంటే చీటీలోకే ఎక్కని ఆ బిళ్ళ నాకు భయం.

రిటైర్డ్ స్టాఫ్ నర్సు, నెల్లూరు:
నాయనా, ఆ ఒక్క డాక్టరు పల్లెల్లో యాడ దొరుకుతాడు? పీహెచ్‌సీలో ఈ ఏడు ఉన్నాయన వచ్చే ఏడు ఉండడు. 104 బండి బీపీ, షుగర్ బిళ్ళలు ఇచ్చి పోతుంది. అన్నీ తెలిసి ఎప్పుడూ పక్కనుండేది ఇంట్లోవాళ్లే. వార్డులో నేను కొత్త పేషంటు వస్తే చీటీలు అడిగేదాన్ని కాదు, ఇంట్లో ఉన్న బిళ్ళల షీట్లన్నీ కవర్లో తెమ్మనేదాన్ని. టెల్మిసార్టానే రెండు కంపెనీల పేర్లతో పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుని కళ్లు తిరిగి పడ్డ అవ్వని చూశా. థైరాయిడ్ బిళ్ళ, క్యాల్షియం ఒకే గుక్కలో మింగేవాళ్లయితే లెక్కలేదు. వాటి మధ్య నాలుగు గంటలు ఉండాలి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, నీరు తీసే బిళ్ళ తగ్గేదాకా ఆపమని చాలాసార్లు వాళ్లే చెబుతారు. స్టెంట్ బిళ్ళలు మాత్రం గుండె డాక్టరుని అడక్కుండా ఎవరు ఆపమన్నా ఆపొద్దు.

ఉదయగిరి చిన్నోడు:
ఆత్మకూరు అక్కా, మీ అమ్మ సంగతి చదివి రాత్రంతా ఆలోచించా. నా మాట కొంచెం మార్చుకుంటున్నా. అన్నీ చూసే డాక్టరు ఒకరుండాలి, కానీ వేరేవాళ్లు రాసింది ఆపాలంటే ముందు వాళ్లకి ఫోన్ చేయాలి. మాకు ఇప్పుడు చూస్తున్న ఫిజీషియన్ అట్నే చేశాడు. మా ముందే గుండె డాక్టరుతో మాట్లాడి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ తీసేసి వేరేది రాశాడు. క్లోపిడోగ్రెల్ కదిలించలా. క్రియాటినిన్ 1.7కి దిగింది.

ఆత్మకూరు ఆడబిడ్డ:
ఫోన్ చేసే డాక్టరైతే నాకు అభ్యంతరం లేదు తమ్ముడూ. మా అమ్మ విషయంలో లేనిది ఆ ఒక్క ఫోనే. కడుపు మంటకి పాంటోప్రజోల్ రాసి ఉంటే సరిపోయేదని గుండె డాక్టరు తర్వాత చెప్పాడు.

ఉదయగిరి చిన్నోడు:
ఇంకొకటి మిగిలింది. నిన్న నాయన తలగడ కింద ఎసిక్లోఫెనాక్ షీటు దొరికింది, నాలుగు ఖాళీ. గట్టిగా అడిగితే ఒకటే అన్నాడు, "గుండెకి డాక్టరుండాడు, కిడ్నీకి డాక్టరుండాడు, నా మోకాళ్లు ఎవరు చూస్తార్రా?" నా దగ్గర జవాబు లేదు. పారాసిటమాల్ ఆయనకి పని చేయడం లేదు. ఫిజియోథెరపీకి నెల్లూరు పోవాలంటే బస్సు మెట్టు ఎక్కలేడు. కిడ్నీ చెడకుండా ఇంట్లో ఇట్లాంటి నొప్పి తగ్గించుకున్నవాళ్లు ఉంటే, ఏం చేశారో రాయండి.