నత్తలకూ రొయ్యలకూ క్వారంటైన్ అవసరమా?

కొత్తకెరటం (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి తొట్టి ఉంది. అందులో రెండు క్లౌన్ చేపలు, ఒక ఫైర్‌ఫిష్. మూడింటికీ విడి తొట్టిలో రాగి మందుతో చికిత్స పూర్తయ్యాకే అసలు తొట్టిలోకి వదిలాను. ఇప్పుడు రాళ్ల మీద పాచి పెరుగుతోంది. ట్రోకస్ నత్తలు, కొన్ని హెర్మిట్ పీతలు, ఒక క్లీనర్ రొయ్య తెద్దామని ఆలోచన. చేపల జబ్బులు నత్తలకు రావు కాబట్టి నేరుగా వదిలేయవచ్చని దుకాణదారు అంటున్నారు. తెలిసిన మరొకరు 76 రోజులు విడిగా ఉంచాల్సిందే అన్నారు. నత్తకు అన్ని రోజుల క్వారంటైన్ అంటే నమ్మబుద్ధి కావడం లేదు. మీరేమంటారు?

ఉప్పుమడి

దుకాణదారు చెప్పినది సగమే నిజం. మెరైన్ ఇక్ అని మనం పిలిచే తెల్లచుక్కల జబ్బుకు కారణం క్రిప్టోకార్యాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి. దాని తిండి చేప చర్మం, మొప్పలు. నత్తను అది ఏమీ చేయదు, అంతవరకు నిజమే. అయితే అది జీవితమంతా చేప మీదే ఉండదు. మూడు నుంచి ఏడు రోజులు చేపను తిని కిందికి రాలిపోతుంది. గట్టిగా ఉన్నది ఏది దొరికితే దానికి అతుక్కుని, చుట్టూ గోడ కట్టుకుని గుళికలా మారుతుంది. ఆ గట్టి వస్తువు రాయి కావచ్చు, గాజు కావచ్చు, నత్త గుల్ల కావచ్చు, పీత మోసుకు తిరిగే శంఖం కావచ్చు. లోపల అది చీలి చీలి వందల పిల్లలవుతుంది. మామూలుగా 3 నుంచి 28 రోజుల్లో గుళిక పగులుతుంది. ఒక ప్రయోగంలో మాత్రం 72వ రోజు వరకు పిల్లలు వస్తూనే ఉన్నాయి. 76 రోజుల లెక్క అక్కడి నుంచే పుట్టింది.

బయటికి వచ్చిన పిల్లకు ఒకటి రెండు రోజుల్లో చేప దొరకకపోతే చస్తుంది. అందుకే నత్తా రొయ్యల్లాంటి వెన్నెముక లేని జీవుల (అకశేరుకాల) క్వారంటైన్‌లో మందు ఉండదు. రాగి వేస్తే పరాన్నజీవి కంటే ముందు నత్తా రొయ్యా పోతాయి. చేప లేని నీరు, కావలసినంత కాలం, అంతే చికిత్స. మూడు చేపల్నీ అంత జాగ్రత్తగా శుభ్రం చేసుకున్న మీరు ఈ ఒక్క తలుపు తెరిచి ఉంచకండి.

నీలిశంఖం (విశాఖపట్నం)

ఉప్పుమడి గారు జీవచక్రం బాగా చెప్పారు. ఆ 76 రోజులూ నత్త ఏం తింటుందో మాత్రం చెప్పలేదు. మనలో ఎక్కువమంది పెట్టే క్వారంటైన్ తొట్టి ఎలా ఉంటుంది? ఖాళీ గాజు, ఒక స్పాంజి ఫిల్టరు, రెండు పీవీసీ ముక్కలు. పాచి తిని బతికే ట్రోకస్‌ను అందులో వేస్తే వారాల తరబడి ఎండిపోతుంది. చాలినన్ని ఖాళీ శంఖాలు లేకపోతే హెర్మిట్ పీతలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. లింకియా నక్షత్ర చేప సంగతి మరీ ఘోరం. పెద్ద తొట్లలోనే ఆకలితో కరిగిపోయే జీవి అది.

ఇంకొకటి. చిన్న తొట్టిలో వేసవిలో నీరు ఎంత వేగంగా ఆవిరవుతుందో హైదరాబాద్‌లో ఉన్న మీకు నేను చెప్పనక్కరలేదు. ఒక్కరోజు మంచినీరు కలపడం మరిచిపోతే ఉప్పు సాంద్రత పెరిగిపోతుంది. నత్తలు, నక్షత్ర చేపలు ఆ మార్పును చేపల్లా తట్టుకోలేవు. జబ్బు వస్తుందేమోనన్న భయంతో ఆరోగ్యంగా ఉన్న ప్రాణిని ఆకలికి అప్పగించడం నాకు న్యాయంగా తోచదు. గుల్లను మెత్తటి బ్రష్‌తో తోమండి, శుభ్రమైన ఉప్పునీటిలో రెండు మూడు సార్లు కడగండి, దుకాణం నుంచి తెచ్చిన సంచిలోని నీటిని పారబోయండి. ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

తీరం

ఇంత చర్చ దేనికో నాకు అర్థం కాలేదు. ఇక్ ప్రతి తొట్టిలోనూ ఉంటుంది. చేపకు మంచి తిండి పెట్టి, నీరు బాగుంచితే దాని రోగనిరోధక శక్తే చూసుకుంటుంది.

ఉప్పుమడి

తీరం గారూ, ఈ మాట వల్ల ఎన్ని చేపలు పోతున్నాయో చూస్తున్నాను కాబట్టి గట్టిగానే చెబుతాను. ఇక్ గాలిలోంచి పుట్టదు. లోపలికి తెస్తేనే వస్తుంది. ఒకసారి జబ్బు పడి కోలుకున్న చేపకు కొంత నిరోధకత వస్తుంది, కాదనను. అది కొన్ని నెలలే. పైగా ఆ నెలల్లో పరాన్నజీవి మొప్పల్లో కనిపించకుండా బతుకుతూనే ఉండవచ్చు. రేపు కరెంటు పోయి, నీరు వేడెక్కి చేప నీరసించిన రోజున బయటపడుతుంది. వెల్వెట్ అనే మరో చేపల జబ్బు సంగతి వేరే చెప్పాలా? దాన్ని తెచ్చే పరాన్నజీవి అమైలూడినియం కూడా గుళిక దశ ఉన్నదే. చేపకు నిరోధకత వచ్చేంత వ్యవధి కూడా ఇవ్వకుండా రోజుల్లోనే తొట్టిని ఖాళీ చేయగలదు.

నీలిశంఖం గారూ, గుళిక గుల్లకు గట్టిగా అతుక్కుంటుంది. తోమితే కొన్ని పోతాయి, అన్నీ పోయాయని మీరు ఎలా తెలుసుకుంటారు? రొయ్య కాళ్లను ఎలా తోముతారు? ఖాళీ గాజు తొట్టి గురించి మీరు చెప్పినదానితో మాత్రం పూర్తిగా ఏకీభవిస్తాను. చేపలకు మందు వేసే తొట్టిలా నత్తల తొట్టిని పెట్టకూడదు. అందులో లైవ్ రాక్ (సూక్ష్మజీవులు స్థిరపడిన రాయి) ఉండాలి, దీపం ఉండాలి, పాచి పెరగనివ్వాలి. అది చేపలు లేని చిన్న సముద్రపు తొట్టిగా ఉండాలి. పాచి తగ్గితే నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు పాచి) ముక్కను రాయికి కట్టండి. క్లీనర్ రొయ్య ఏం పెట్టినా తింటుంది, దానికి బెంగ లేదు.

చెరువుగట్టు (భీమవరం)

నాకు అక్వేరియం కొత్త, రొయ్యలు పాత. రొయ్యకు క్వారంటైన్ ఎందుకన్న మాట మా వైపు ఎవరూ అనరు. 1994–95లో తెల్లమచ్చల వైరస్ తూర్పు తీరంలో టైగర్ రొయ్యల చెరువులను ఊడ్చేసింది. (మీరు మాట్లాడుకుంటున్న చేపల తెల్లచుక్కలకూ దీనికీ సంబంధం లేదు, ఇది వైరస్.) 2009లో వనామీ అనే విదేశీ రొయ్య రకానికి అనుమతి ఇచ్చినప్పుడు దిగుమతి చేసుకున్న తల్లి రొయ్యలు చెన్నై నీలాంకరైలోని ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రం దాటాకే హేచరీకి (రొయ్య పిల్లలను పుట్టించే కేంద్రానికి) వెళ్లాలని నియమం పెట్టారు. ఈ రోజుకీ చెరువుల చుట్టూ పీతలు రాకుండా కంచె కడతాం, పైన పక్షులు రాకుండా తీగలు లాగుతాం. పీత జబ్బు పడినట్టు కనిపించదు, వైరస్‌ను మాత్రం మోసుకొస్తుంది.

ఈ వైరస్ చేపలకు రాదు. పది కాళ్ల జీవులు, అంటే రొయ్యలు, పీతలు దాదాపు అన్నిటికీ రాగలదు. మీ తొట్టిలో ఇప్పటికే క్లీనర్ రొయ్య ఉండి, ఇంకొక రొయ్యను తెస్తున్నారంటే క్వారంటైన్ చేపల కోసం మాత్రమే కాదు, ఆ పాత రొయ్య కోసం కూడా. బజారు పచ్చి రొయ్య ముక్కలు తొట్టిలో వేసే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి మానండి. ఫ్రీజర్‌లో గడ్డకట్టించినా ఆ వైరస్ చావదు. ఉడికించి వేయండి.

నీలిశంఖం

చెరువుగట్టు గారూ, ఉడికించమన్న సలహాకు నిజంగా కృతజ్ఞతలు. ఇన్నేళ్లలో ఏ అక్వేరియం చర్చలోనూ ఈ మాట వినలేదు.

పగడాలదిబ్బ (డాలస్)

మీరంతా చేపల జబ్బుల చుట్టూనే తిరుగుతున్నారు. ఇక్కడ నేను అకశేరుకాలను విడిగా ఉంచేది ముఖ్యంగా వాటి సొంత పురుగుల కోసం. ఆక్రోపోరా పగడాన్ని తినే చదును పురుగులు ఉంటాయి. అయోడిన్ లాంటి ద్రావణంలో ముంచితే పురుగు రాలిపోతుంది, గుడ్డు మాత్రం చెక్కుచెదరదు. రెండు మూడు వారాల్లో పొదిగి మళ్లీ మొదలు. ఒక్కసారి ముంచి ప్రధాన తొట్టిలో పెట్టేసేవారు ఇక్కడే దెబ్బతింటారు. మీ నత్తలకు వర్తించే సంగతి ఒకటుంది. పిరమిడెల్లిడ్ అనే బియ్యపు గింజంత తెల్ల నత్తలు ట్రోకస్, టర్బో నత్తల గుల్ల అంచున దాక్కుని వాటి రసం పీలుస్తాయి. పగలు కనిపించవు. దీపాలు ఆర్పాక టార్చి వేసి చూడండి. నీలి లింకియా కొంటే అడుగు భాగం తిప్పి చూడండి, థైకా అనే పరాన్న నత్త టోపీలా అతుక్కుని ఉండవచ్చు.

భారత్‌లో ఉన్నవారు పగడాల జోలికి వెళ్లకండి. రాతి పగడాలకు అక్కడ వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

కొత్తకెరటం

ఈ రోజు మళ్లీ దుకాణానికి వెళ్లి చూశాను. నత్తలున్న తొట్టిలో చేపలు లేవు. కాబట్టి భయం లేదనుకోవచ్చా?

నీలిశంఖం

నీరు ఎక్కడికి పోతోందో చూశారా? చాలా దుకాణాల్లో పది తొట్ల నీరు కింద ఒకే సంపులోకి దిగి, అక్కడి నుంచి మళ్లీ అన్నిటికీ ఎక్కుతుంది.

కొత్తకెరటం

అవును. పై వరసలో క్లౌన్ చేపలు ఉన్నాయి, పైపు కిందికి ఒకటే.

ఉప్పుమడి

అయితే అంతకంటే చెడ్డ ఏర్పాటు ఉండదు. నత్తలున్నాయి కాబట్టి ఆ నీటిలో రాగి వేయలేరు. రాగి లేదు కాబట్టి కొత్తగా వచ్చే ప్రతి చేపా తెచ్చే పరాన్నజీవి అడ్డులేకుండా పెరుగుతుంది. నత్తకు సొంత జబ్బు లేకపోయినా, జబ్బు చేపల మధ్య ఉన్నట్టే లెక్క.

నీలిశంఖం

ఆ నత్తలైతే నేను కూడా నేరుగా వదలను. చేపలతో నీరు పంచుకోని అమ్మకందారు దొరికితే, అక్కడ అవి చాలా వారాలుగా ఉన్నాయని నమ్మకం కుదిరితే మాత్రం కడిగి వదిలేస్తాను. ప్రతి నత్తకూ 76 రోజులన్న నియమాన్ని ఇప్పటికీ ఒప్పుకోను. 27 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంచితే 6 వారాలు చాలని పాటించేవారు కూడా ఉన్నారు.

ఉప్పుమడి

6 వారాల లెక్క ఉష్ణోగ్రత ఒక్కసారీ పడిపోకూడదన్న షరతు మీద నడుస్తుంది. హీటరు, థర్మామీటరు నమ్మదగినవైతే సరే. లేదంటే 76.

కొత్తకెరటం

సరే, విడిగానే ఉంచుతాను. చేపలకు చికిత్స చేసిన 40 లీటర్ల తొట్టి ఖాళీగా ఉంది. అసలు తొట్టిలోంచి ఒక రాయి, కొంత స్పాంజి తెచ్చి అందులో పెడితే చాలా?

ఉప్పుమడి

రాయి, స్పాంజి తీసుకోండి, మంచి ఆలోచన. ఆ తొట్టి మాత్రం వద్దు. రాగి వేసిన తొట్టి అది. అందులో, ఫిల్టరులో రాగి కొద్దిగా మిగిలి ఉండవచ్చు, రొయ్యకు ఆ కొద్ది చాలు. ఆహార పదార్థాలు నిల్వచేసే రకం కొత్త ప్లాస్టిక్ టబ్బు ఒకటి కొనండి. అందులో వాడే వల, పైపు, బకెట్ కూడా వేరుగా ఉంచండి. అసలు తొట్టిలోంచి టబ్బులోకి ఏది వెళ్లినా ఇబ్బంది లేదు, గడువు పూర్తయ్యే వరకు తిరిగి ఏదీ రాకూడదు. నత్తలు, పీతలు, రొయ్య అన్నీ ఒకేసారి కొంటే మేలు. మధ్యలో ఇంకొకటి తెచ్చి వేస్తే, అది వచ్చిన రోజు నుంచి లెక్క మళ్లీ ఒకటితో మొదలు.